మామ్మ శుక్రవారం తలంటు

మా క్రైస్తవుల ఇళ్ళల్లో తలంటు ఎక్కువగా శనివారం. తెల్లారితే గుడికెళ్ళాలి కదా, అందుకని. మా సందులో మిగతా ఇళ్ళవాళ్ళకి శుక్రవారం. గుంటూరు కొత్తపేట వెనక మేమున్న ఆ సందులో శుక్రవారం పొద్దున ఏ పెరట్లో చూసినా కుంకుడుకాయల నురగే. మా ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు శనివారం పోసుకునేవాళ్ళం. మామ్మ ఒక్కతే శుక్రవారం పోసుకునేది.

"ఒక్క రోజు ఆగితే ఆదివారం గుడికి జుట్టు బాగుంటుంది కదా అత్తయ్యా" అనేది అమ్మ.

"అలవాటమ్మా" అనేది మామ్మ. అంతకు మించి ఏమీ చెప్పేది కాదు.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. మిషన్ బోర్డింగ్ స్కూల్లో ఎనిమిదో క్లాసు దాకా చదువుకుంది. తాతయ్య పోయాక ఆసుపత్రిలో ఆయాగా చేసి, నాన్నగారినీ ఇద్దరు అత్తయ్యల్నీ పెంచి, రిటైరై మా దగ్గర ఉండేది. గురువారం రాత్రే కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేసి నానబెట్టుకునేది. తెల్లవారుజామున లేచి కాగు కింద పుల్లలు పెట్టేది. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, మాడు మీద పెట్టి, రెండు చేతులతో నెమ్మదిగా రాసుకునేది. నేను లేచేసరికి తడి జుట్టు కొసన చిన్న ముడి వేసుకుని, ఉతికిన తెల్ల వాయిల్ చీర కట్టుకుని, ముఖానికి కాస్త పౌడరు అద్దుకుని, అరుగు మీద కూర్చుని బైబిలు చదువుకుంటూ ఉండేది. వారంలో మామ్మ కడిగిన ముత్యంలా ఉండే రోజేదంటే శుక్రవారమే.

ఆ రోజు ఆమె పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమీ తినదని మాలో ఎవరికీ తెలియదు.

ఎలా తెలుస్తుంది? మామ్మ అందరికీ వడ్డించి ఆఖర్న తినే మనిషి. ఆఖర్న తినే ఆడమనిషి తిన్నదో లేదో చూసే అలవాటు మన ఇళ్ళల్లో ఎవరికీ లేదు. ఇప్పుడు తల్చుకుంటే నాకు బాధ కలిగేది ఆ సంగతికే. దానికితోడు మాది లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ మాది. ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి అన్నీ ఆ చెట్టు కొమ్మలే. మా సంఘాల్లో ఉపవాసం ఇన్ని రోజులు ఉండాలి, ఇలా ఉండాలి అని కట్టడి లేదు. కన్ఫర్మేషన్ క్లాసులో మాకు చెప్పిన లూథరు చిన్న ప్రశ్నోత్తరిలో ఆ ఊసు ఒక్కచోట వస్తుంది. ఉపవాసం ఉండటం, శరీరాన్ని సిద్ధం చేసుకోవడం మంచి క్రమశిక్షణే, అయినా ప్రభువు బల్లకి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, నిజంగా యోగ్యుడు ఆయన మాటని నమ్మినవాడే అంటాడు. ఉండమన్నవాళ్ళూ లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. కాబట్టి ఎవరు ఉంటున్నారో ఆరా తీసే పనీ లేదు.

నాకు తెలిసింది 1986లో, అదీ అనుకోకుండా. ఆ ఏడు ఈస్టరు మార్చి 30న వచ్చింది. దానికి రెండు మూడు వారాల ముందు, ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నేను ఐదో క్లాసు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మామ్మ రెండు గిన్నెల క్యారియర్ సర్దుకుంటోంది. శుక్రవారం మధ్యాహ్నాలు ఆమె క్యారియర్ పట్టుకుని వెళ్తుందని మాకు తెలుసు. ఆసుపత్రిలో పాత స్నేహితురాళ్ళతో కలిసి తింటుందని మేమే అనుకున్నాం. మామ్మ అలా చెప్పిందీ లేదు, మేం అడిగిందీ లేదు.

"నేనూ వస్తా మామ్మా" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించింది. "ఎండగా ఉంది, చెప్పులేసుకో" అంది.

అది మిరపకాయల రోజులు. లారీలు పోతుంటే గాలంతా ఘాటు, కళ్ళల్లో నీళ్ళు. కొంగు నా ముక్కుకి అడ్డం పెట్టి నడిపించింది. పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ వేపచెట్ల కింద పల్నాడు నుంచీ బాపట్ల వైపు నుంచీ వచ్చిన జనం మూటలు ముందు పెట్టుకుని కూర్చునున్నారు. వార్డులో ఉన్న రోగికి భోజనం వస్తుంది. తోడుగా వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చూసుకోవాలి. ఆ చెట్ల కింద ఎవరు తిన్నారో ఎవరు తినలేదో, ఏళ్ళ తరబడి ఆయాగా తిరిగిన మామ్మకి ముఖం చూస్తే తెలిసిపోయేది.

ఆ రోజు ఒక పడుచమ్మాయి ఒళ్ళో చంటిపిల్లతో కూర్చునుంది. మామ్మ ఆమె పక్కన చతికిలబడి, "ఏ ఊరమ్మా?" అంది. మాచర్ల దగ్గర పల్లెటూరట. భర్తకి ఆపరేషన్. మామ్మ చంటిదాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, క్యారియర్ విప్పి ఆ అమ్మాయి ముందు పెట్టింది. పై గిన్నెలో అన్నం. కింద గిన్నెలో దోసకాయ పప్పు, ఓ మూల గోంగూర పచ్చడి. అమ్మ పొద్దున చేసినవే. ఆ అమ్మాయి మొహమాటపడింది. "మీకో?" అంది.

"ఈ పూట ముద్ద నీదేనమ్మా, తిను" అంది మామ్మ.

ఆ అమ్మాయి తిన్నంతసేపూ మామ్మ పిల్లని ఊపుతూ, పప్పులో ఉప్పు సరిపోయిందా, ఆపరేషన్ ఎన్ని గంటలకి అని అడుగుతూ కూర్చుంది. దేవుడి మాట ఎత్తలేదు. తిన్నాక గిన్నెలు తనే కుళాయి దగ్గర కడుక్కుంది. తిరిగొచ్చేటప్పుడు నాకు చెరుకురసం కొనిచ్చి, తను మాత్రం చలివేంద్రం దగ్గర నీళ్ళు తాగింది.

"నువ్వెప్పుడు తింటావు మామ్మా?"

"రాత్రికి."

"పొద్దున కూడా తినలేదా?"

లేదన్నట్టు తలూపింది. రోడ్డు పక్కన నన్ను ఆపి, వంగి, నా ముఖంలోకి చూసి చెప్పింది. "ఇంట్లో ఎవరూ అడక్కపోతే చెప్పకు. అడిగితే అబద్ధం చెప్పకు. సరేనా?"

పదేళ్ళ పిల్లకి అది పెద్ద బరువే. కానీ ఆ బరువు నాకు ఎంత గర్వంగా ఉండేదో! ఇంట్లో నాకూ మామ్మకీ దేవుడికీ మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది.

ఆ సాయంత్రం క్యాలెండర్ ముందు నిలబడి లెక్కపెట్టాను. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులని సండే స్కూల్లో చెప్పారు. అది మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా ఎన్నిసార్లు లెక్కపెట్టినా నలభై ఆరే వస్తున్నాయి. మామ్మని అడిగితే, "ఆదివారాలు తీసెయ్యి" అంది. తీసేస్తే సరిగ్గా నలభై. "ఆదివారం ప్రభువు తిరిగి లేచిన రోజు. ఆ రోజు ఉపవాసం ఏంటమ్మా, పెళ్ళింట్లో పస్తున్నట్టు!" అంది. అందుకే మా ఇంట్లో శ్రమల కాలంలోనూ ఆదివారం కోడికూర ఉండేది. మామ్మ ఇష్టంగా తినేది.

తర్వాత ఆరేళ్ళకి నేనూ ఉపవాసం ఉన్నాను. ఈ సంగతి రాయడం కష్టంగానే ఉంది.

1992. ఇంటర్ మొదటి సంవత్సరం. భస్మ బుధవారం మార్చి 4న వచ్చింది. యూత్ మీటింగులో నలభై రోజులూ ఉపవాసం ఎవరుంటారు, చేతులెత్తండి అన్నారు. స్నేహితురాళ్ళు ఎత్తారు, నేనూ ఎత్తాను. పగలంతా ఏమీ తినకుండా రాత్రి ఒక్కపూట భోజనం. మొదటి రెండు రోజులు ఆకలి. మూడో రోజు నుంచి ఆకలి కన్నా ఇంకొకటి మొదలైంది. గుడి దగ్గర ఒకావిడ, "ఏంటమ్మా ఇలా చిక్కిపోయావు?" అంది. "ఉపవాసంలో ఉన్నానాంటీ" అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "ఈ వయసులో ఎంత భక్తి!" అంది. ఆ మాట నాకు అన్నం కన్నా రుచిగా అనిపించింది. ఆ తర్వాత నూనె రాసుకోవడం మానేశాను. జుట్టు ఎండిపోయి పీచులా ఉండేది. వెలిసిపోయిన లంగా ఓణీలే వేసుకునేదాన్ని. నడక కూడా నెమ్మది చేశాను. ఎంతమంది అడిగారో రోజూ మనసులో లెక్క ఉండేది.

ఆ ఏడు రంజాన్ కూడా అదే వారంలో మొదలైంది. పక్కింటి బీబీగారి అమ్మాయి నా ఈడుదే. రోజాలో ఉంటే మంచినీళ్ళు కూడా తాగకూడదు. గుంటూరు మార్చి ఎండలో ఆ అమ్మాయి నీళ్ళ చుక్క లేకుండా నాతో సమానంగా కాలేజీకి నడిచేది. ఎప్పటిలాగే నవ్వేది, నోట్సు రాసుకునేది. ఓ రోజు దారిలో నేను నీరసంగా ఆగిపోతే, నా పుస్తకాలు కూడా తనే అందుకుంది. వాళ్ళ ఇంట్లో అందరూ ఉంటారు, వీధిలో సగంమంది ఉంటారు. అందుకని అది చెప్పుకునే సంగతే కాదు వాళ్ళకి. పుస్తకాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టినప్పుడు నాకు ఎక్కడో చివుక్కుమంది. కానీ అప్పటికి ఊరుకున్నాను.

ఆ నెలలోనే ఓ సాయంత్రం ఆరాధనలో పాస్టరు అయ్యగారు మత్తయి సువార్త ఆరో అధ్యాయం చెప్పారు. బలిపీఠం మీద ఊదారంగు గుడ్డ, ఫ్యాన్ల చప్పుడు, నేను ముందు వరసలో. ధర్మం చేయడం, ప్రార్థన, ఉపవాసం, ఈ మూడింటినీ మనుషులకి కనపడాలని చేయొద్దంటాడు ప్రభువు. "వేషధారులు అనే మాటకి గ్రీకులో అసలు అర్థం నాటకాల్లో వేషం కట్టేవాళ్ళు" అన్నారు అయ్యగారు. "నాటకాలకి పేరుపడ్డ మన తెనాలివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రంగు పూసుకునేది చూసేవాళ్ళ కోసమే. చూసేవాళ్ళు లేకపోతే ఆ రంగు ఎందుకు?" అన్నారు. 'వారు తమ ఫలము పొందియున్నారు' అన్న చోట ఆగి, ఆ గ్రీకు మాట ఆ రోజుల్లో రసీదుల మీద రాసేవారనీ, పైకం మొత్తం ముట్టింది, ఇక బాకీ లేదు అని దానర్థమనీ చెప్పారు.

నా చెవులు వేడెక్కిపోయాయి. తలెత్తలేకపోయాను. అయ్యగారు తర్వాతి వచనం చదివారు. 'నీవు ఉపవాసము చేయునప్పుడు నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము.'

ఆ వచనం నేను అంతకు ముందు ఎన్నోసార్లు విన్నాను. ఆ సాయంత్రమే నాకు మా పెరడు కనపడింది. తెల్లవారుజామున కాగు, అరచేతిలో కొబ్బరినూనె, తడి జుట్టు కొసన ముడి, పౌడరు అద్దిన ముఖం. ఆరేళ్ళుగా ఆమె రహస్యం నాకు తెలుసనుకుంటున్నాను. సగమే తెలుసు. ఆ తలంటు కూడా ఉపవాసంలో భాగమని ఆ రోజుదాకా నాకు తట్టలేదు.

మన తెలుగు బైబిల్లో ఆ మాట అలా పడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడున్నది తలకి నూనె పూసుకోమని. దానికి తలంటు అనే మాట తెచ్చిపెట్టారు. మనకి తలంటు అంటే పండగ. పుట్టినరోజుకీ పెళ్ళికీ తలంటు. ఆకలితో ఉండే రోజుని పండగ రోజులా మొదలుపెట్టమని మన భాషలో వినపడుతుంది. మా మామ్మ అది విన్నది విన్నట్టు చేసింది, అంతే.

మర్నాడు పొద్దున కాగు దగ్గర రెండు బకెట్లున్నాయి. "రా, తలంటుతా" అంది మామ్మ. ఎవరు ఏం చెప్పారో, నా ముఖంలో ఏం చూసిందో నాకు తెలియదు. పీట మీద కూర్చున్నాను. నూనె మాడు మీద పెట్టి, చెవుల వెనక నుంచి మెడ దాకా వేళ్ళతో గట్టిగా రుద్దింది. కుంకుడు రసం పోసేముందు ఒక ఉప్పుకల్లు నా నోటి దగ్గర పెట్టింది. కళ్ళు మండకుండా ఉంటాయని మా ఇంట్లో పిల్లలకి అలా పెట్టేవాళ్ళు.

"ఉపవాసం కదా మామ్మా, ఉప్పు నోట్లో పెట్టుకోవచ్చా?"

"ఉప్పుకల్లుకి పోయే ఉపవాసమైతే పోనీ" అంది.

కళ్ళు మూసుకున్నాను. రసం పోస్తూ అడిగింది. "ఇప్పటికి ఎంతమంది అడిగారు?"

"ఏమని?"

"చిక్కిపోయావని."

మాట్లాడలేదు. ఉప్పుకల్లు పెట్టుకున్నా కళ్ళల్లోంచి నీళ్ళొస్తూనే ఉన్నాయి. మామ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా అంది. "వాళ్ళంతా నీకివ్వాల్సింది ఇచ్చేశారమ్మా. ఆయన దగ్గర తీసుకోడానికి ఏమైనా మిగుల్చుకో."

మానేయమనలేదు. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, నూనె రాసి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది. కాలేజీకి వెళ్తే ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. బీబీగారి అమ్మాయి మాత్రం, "జడలు బాగున్నాయే!" అంది.

ఆ మధ్యాహ్నం ఆకలి మొదటిసారి ఆకలిలాగానే వేసింది. ఏం చేయాలో తెలియలేదు. క్లాసులో కూర్చుని, నోరు కదపకుండా, "ప్రభువా, ఆకలేస్తోంది" అన్నాను. నా జన్మలో నేను చేసిన మొదటి నిజమైన ప్రార్థన అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

1999లో మామ్మకి డెబ్బై ఏడేళ్ళు. అప్పటికి రెండేళ్ళుగా షుగరు, పొద్దునే మాత్ర. ఒక శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లో చప్పుడైంది. వెళ్ళి చూస్తే మామ్మ గోడకి ఆనుకుని జారిపోయి ఉంది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి అత్తయ్య పేరు పెట్టి పిలిచింది. అమ్మ చక్కెర నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన షుగరు చూసి, బాగా పడిపోయిందన్నాడు. "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగాడు.

"అందరం తిన్నదేనండీ, ఉప్మా" అంది అమ్మ.

మామ్మ కళ్ళు మూసుకుని పడుకునుంది. గదిలో నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మాత్ర వేసుకుని తినకుండా ఉంటే ఇలా అవుతుందని నాకు తెలియదు. కానీ తినడం లేదని తెలుసు. పదమూడేళ్ళుగా తెలుసు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నారు.

"మామ్మ శుక్రవారాలు తినదు" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగి చూసిన చూపు నేను మర్చిపోలేను. డాక్టరు మామ్మని తిట్టలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, మాత్ర వేసుకునేవాళ్ళు పూట తప్పకూడదు, రాత్రి నిద్రలో ఇలా జరిగితే మనిషి దక్కరు అని విడమరిచి చెప్పాడు. మామ్మ చిన్నపిల్లలా తలూపింది. పడిపోయినందుకు కాదు ఆమె బాధ. బయటపడిపోయినందుకు.

ఇంటికొచ్చాక అమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది. "ఇన్నేళ్ళు నా చేతి కింద మీరు పస్తుంటే నాకు తెలియలేదు అత్తయ్యా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు తినేదానివి కాదమ్మా" అంది మామ్మ. "నేను తినకుండా నీకు ముద్ద దిగదు. నా కోసం నువ్వెందుకు మాడటం?"

రహస్యం అంటే దేవుడికీ మనిషికీ మధ్య సంగతి అనుకున్నాను అన్నాళ్ళూ. ఇంట్లో ఇంకొకళ్ళ కంచం గురించిన ఆలోచన కూడా అందులో ఉందని ఆ గడప దగ్గర తెలిసింది. అయితే ఒకటి చెప్పాలి. చెప్పకపోవడం వల్లే ఆమె ప్రాణం మీదికి వచ్చింది. నేను ముందే అమ్మ చెవిలో వేసి ఉండాల్సింది. షుగరుకో బీపీకో మాత్రలు వేసుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఉపవాసాలు పెట్టుకోవద్దని ఇప్పుడు నేను మా గుడిలో ఆడవాళ్ళకి గట్టిగానే చెప్తాను. డాక్టరుకి చెప్తే రహస్యం పోదు.

ఆ తర్వాత మామ్మ ఏ పూటా తప్పలేదు. శుక్రవారం తలంటు మాత్రం మానలేదు. క్యారియర్ మోసే పని అమ్మకీ నాకూ వచ్చింది. పెద్దాసుపత్రి చెట్ల కింద ఎవరికి పెట్టాలో అమ్మకి మొదట్లో తెలిసేది కాదు. నెమ్మదిగా తెలిసింది. ఉపవాసమంటే నీ ఆహారం ఆకలిగొన్నవాళ్ళకి పెట్టడమని యెషయా యాభై ఎనిమిదిలో ఉంది. మామ్మ బైబిల్లో ఆ పేజీ అంచు నూనె మరకతో మెత్తబడిపోయి ఉండేది. శుక్రవారం అన్నంలో మామ్మ ఆవకాయ వేసుకోకపోవడం ఒకటి రెండుసార్లు చూశాను. ఆవకాయ లేకుండా ముద్ద ఎత్తని మనిషి. అడగబోయి ఊరుకున్నాను.

ఆ ఉపవాసాలు దేని కోసం మొదలుపెట్టిందో మాకెవరికీ తెలియదు. తాతయ్య పోయినప్పటి నుంచని మాత్రం ఒకసారి అమ్మతో అంది. నాన్నగారి ఉద్యోగం కోసమా, చిన్నత్తయ్య సంసారం కోసమా, నా కోసమా? 2003లో మామ్మ ఆ సంగతి తనతోనే తీసుకెళ్ళిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా అమ్మాయి అడిగింది. మా వీధి మొదట్లో ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలని ఫ్లెక్సీ కట్టారు. "అమ్మా, ఉపవాసం చెప్పి ఉండాలా, చెప్పకుండా ఉండాలా?" అంది. కలిసి ఉండటం తప్పు కాదన్నాను. బైబిల్లో నీనెవె ఊరంతా ఉపవాసం ఉంది. ఎస్తేరు రాణి కోసం షూషనులో ఉన్న యూదులంతా మూడు రోజులున్నారు. అంతియొకయ సంఘం ఉపవాసముండి ప్రార్థన చేసే పౌలునీ బర్నబానీ పంపింది. ఊరంతా కలిసి ఉన్నప్పుడు అందులో ఒకళ్ళ గొప్ప ఏముంటుంది? బీబీగారి అమ్మాయి నాకు చూపించింది అదే. గొప్ప వచ్చేది నాలాగా ముఖం పెట్టుకున్నప్పుడు. మా అమ్మాయికి ఇది చెప్పబోతే మాటలు చాల్లేదు. అందుకని మామ్మ గురించి చెప్పాను. చెప్పాక రాయాలనిపించింది. అడిగితే అబద్ధం చెప్పకు అంది కదా.

నా శుక్రవారాల సంగతి ఇందులో రాయను. అది నన్నెవరూ అడగలేదు.

మొన్న గుడ్ ఫ్రైడేకి గుంటూరులో గుడికెళ్ళాను. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన. గుడి కిటకిటలాడిపోతోంది, ఉక్కపోత. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి పిల్లలు అమ్మల ఒళ్ళో వాలిపోతున్నారు. నా పక్కన ఒక పెద్దావిడ. ఎవరో నాకు తెలియదు. ఉతికిన చీర, ముఖాన కాస్త పౌడరు. కొసన చిన్న ముడి వేసిన తడి జుట్టు వెనక జాకెట్టుని తడిపేసింది. వెనక వరసలో అమ్మాయి ఒకతె వంగి, "తడి జుట్టుతో వచ్చేశారేంటి మామ్మగారూ, జలుబు చేస్తుంది" అంది.

"అలవాటమ్మా" అంది ఆవిడ.

నేను లేచి, ఫ్యాను కింద ఉన్న నా చోటు ఆవిడకిచ్చి, ఇవతలికి జరిగి కూర్చున్నాను.